పుర్రచేతి ముడి

బెజాన్ ముక్కు పోయిన సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు, బెజాన్‌తో సహా. జనవరిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుని పోయింది. ఒకరోజు పొయ్యిలో రొట్టెలు మాడి బొగ్గయి, ఇల్లంతా పొగ కమ్ముకున్నా, పొయ్యి పక్కన పీటమీద కూర్చున్న ముసలాయన తీరుబడిగా పేపరు తిరగేస్తూనే ఉన్నాడు. కొడుకు గోచా, కోడలు మక్వల ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డెబ్బై మూడేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా ఈ లోయలో వైన్‌కి పేరుపడ్డవాడు. అలాంటివాడికి నీ ముక్కు పనిచేయడం లేదని చెప్పడమంటే మాటలా? పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

ముసలాయన మాత్రం తక్కువవాడు కాదు, ఒక ఉపాయం కనిపెట్టాడు. వైన్ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చూసేవాళ్ళకి దండం పెట్టాలనిపించేంత సేపు ఆగి, గిన్నెను కోడలికి అందించేవాడు. "చెప్పు. ఏముందందులో?" అనేవాడు, పిల్లకి పరీక్ష పెట్టే పంతులులాగా. మక్వల వాసన చూసి చెప్పేది. ఆయన తల ఊపి, "పరవాలేదు, నేర్చుకుంటున్నావ్" అనేవాడు. ఆయన పరీక్ష పెడుతున్నట్టు నటించాడు, ఆమె పరీక్ష రాస్తున్నట్టు నటించింది. నాలుగు నెలలు బండి అలాగే నడిచింది.

గురువారం పొద్దున్న పెద్దబాన తెరిచారు. శనివారం పట్నంలో వైన్ ఉత్సవం. ఏటా ఆ ముందు గురువారమే బెజాన్ బాన తెరుస్తాడు. ఆ ముహూర్తం ఆయనదే, పంచాంగానిది కాదు. బాన మెడదాకా నేలలో పాతి ఉంటుంది. మూతి మీద రాతిపలక, పలక చుట్టూ తడిమట్టి. మక్వల మోకాళ్ళ మీద వంగి ఆ మట్టిని చిన్న గునపంతో పెళ్ళగిస్తోంది. ఒక్క పెళ్ళ లోపల పడినా ముసలాయన కేకలకి కప్పు లేచిపోతుంది కాబట్టి, మట్టిని బయటవైపుకే లాగుతోంది. ఉత్తరం వైపుకి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. మట్టిలో వెంట్రుకంత సన్నటి బీట. జ్వరం తగ్గీ తగ్గకముందే, శాలువా కప్పుకుని వచ్చి, ఎవరు వద్దన్నా వినకుండా ముసలాయన తన చేత్తో మెత్తిన చోటు అది.

ఆమె పలక పక్కకి జరిపింది. పొడుగు కాడ ఉన్న సొరబుర్రను బానలోకి దించి, నింపి, మట్టిగిన్నెలోకి వంచింది. తెల్లద్రాక్షను తొక్కలతో సహా ఆరునెలలు మాగబెట్టిన వైన్, పలచటి టీ రంగులో మెరిసింది. బెజాన్ గిన్నె అందుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మరీ ఎక్కువసేపు మూసుకున్నాడు.

"చెప్పు. ఏముందందులో?"

మక్వల గిన్నెలోకి వంగింది. జల్దారు పండు వాసన తగిలింది. దాని వెనక అక్రోటు తొక్క. ఆ రెండింటి వెనక, సూదిమొనలా, వెనిగర్. నాలుకకి ఇంకా అందదు. ముక్కున్నవాడి దగ్గర మాత్రం దాగదు.

"జల్దారు," అంది. "అక్రోటు తొక్క. కాస్త తేనె."

"ఇంకా?"

"అంతే మామయ్యా."

"పరవాలేదు. నేర్చుకుంటున్నావ్."

అబద్ధం చెప్పినందుకు ఆమె చెవులు వేడెక్కాయి. మాట మార్చాలని, నెల రోజులుగా నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్న మాట అప్పుడే బయట పెట్టింది. "మామయ్యా, శనివారం పిల్లబానది కూడా బల్లమీద పెడదామా?"

పిల్లబాన కూడా, బానలు పాతిన ఆ కొట్టుగదిలోనే ఒక మూల ఉంది. అందులో ఉన్నది మక్వల వైన్. ముసలాయన కోయకుండా వదిలేసిన చివరి రెండు వరసల ద్రాక్ష ఏరుకుని, మూడేళ్ళుగా ఆమె అందులో పోసుకుంటోంది. ఆడవాళ్ళు అడుగుపెడితే వైన్ విరుగుతుందని ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆమె అత్తగారు బతికినన్నాళ్ళూ ఆ గుమ్మం దాటలేదు. మక్వలకి ఆ గుమ్మం తెరుచుకుందంటే కారణం ఒక్కటే. బానలోకి దిగి కడగడానికి బెజాన్ భుజాలు పట్టడం మానేశాయి, ఈమెవి పట్టాయి. సన్నటి భుజాలకి దొరికిన ఉద్యోగం అది.

"ఒక బల్లకి ఒక పేరు," అన్నాడు బెజాన్. "ఉత్సవం ఆఫీసు వాళ్ళ రూలు. నన్నేం చెయ్యమంటావ్?"

"పేరు లేకపోయినా పరవాలేదు. ఊరికే పక్కన..."

"పేరు లేని వైన్ బల్లమీద పెడితే వచ్చినవాడు ఏమనుకుంటాడు? ఒక కూజాలో పట్టుకురా, బల్లకింద పెట్టు. మాంసం కాల్చేవాళ్ళకి దాహమేస్తుంది."

ఆయన కోపంగా అనలేదు. కూరలో ఉప్పు చాలదన్నంత మామూలుగా అన్నాడు. మక్వలకి అదే ఎక్కువ బాధ కలిగించింది. కోపంగా అంటే తిరిగి అనడానికి ఒక మాటైనా దొరికేది.

*

శుక్రవారం మధ్యాహ్నం మక్వల రొట్టెలకి పిండి ముద్దలు చేస్తుంటే గోచా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తీగల కొమ్మలు నరికి కట్టలు కట్టి వచ్చాడు. రేపు మాంసం వాటి నిప్పులమీదే కాలాలి. లోయలోకెల్లా పేరున్న వైన్ చేసేవాడికి పుట్టి గోచా తాగేది బీరు. ఇది బెజాన్ జాతకంలో రాసిపెట్టిన ఎగతాళి అని ఊళ్ళో వాళ్ళు అంటారు.

"మీ నాన్న బాన తిరగడం మొదలెట్టింది," అంది మక్వల, తల ఎత్తకుండానే.

"తిరగడమంటే?"

"వెనిగర్ అవుతోంది. మట్టి బీటలిచ్చి గాలి దూరింది. ఇప్పుడు వాసనే. ఇంకో పది రోజులకి నాలుక్కీ తెలుస్తుంది."

గోచా పిండి బల్లమీద చెయ్యి ఆనించి, పిండి అంటించుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు. "రేపు ఎవరికైనా తెలుస్తుందా?"

"జెమాల్ బాబాయికి మన బల్ల దగ్గరికి రాకముందే తెలుస్తుంది."

జెమాల్ అంటే కాలవ అవతలి ఇంటాయన. బెజాన్‌తో పాటే బడికెళ్ళి, బెజాన్‌తో పాటే వైన్ చేసి, నలభై ఏళ్ళుగా బెజాన్ వైన్‌కి వంకలు పెట్టడమే పనిగా పెట్టుకున్నవాడు. ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు బతకలేరు.

"చెప్పెయ్ మరి నాన్నతో."

"మీ నాన్న కదా. నువ్వు చెప్పు."

"నేనా? బీరుకీ కిరసనాయిలుకీ తేడా తెలీనివాణ్ణని ఆయనే ఊరంతా చాటింపేశాడు. ఇప్పుడు నేను వెళ్ళి నీ వైన్ కంపు కొడుతోందంటే నమ్ముతాడా?"

మక్వలకి నవ్వొచ్చింది, ఆపుకుంది. రేపు బల్ల దగ్గర జెమాల్ మొహం ఎలా మారుతుందో, ఆయన ఏమీ అనకుండా గిన్నె కింద పెట్టేస్తే మామయ్య మొహం ఎలా ఉంటుందో ఆమెకి కనిపిస్తూనే ఉంది. తిడితే మామయ్య తట్టుకుంటాడు. జాలిపడితే తట్టుకోలేడు.

"పిల్లబానలో నూట యాభై లీటర్లుంది," అంది.

గోచాకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. "అది నీది కదే. మూడేళ్ళనుంచీ..."

"ఊరుకో. పిండి ఆరిపోతోంది."

సాయంత్రం ముసలాయన పెద్దబాన నుంచి నాలుగు కూజాలు నింపుకున్నాడు. ఒక్కొక్కటి పది లీటర్లు పట్టే మట్టి కూజా. మూతికి తడిగుడ్డ కప్పి, తాడు రెండు చుట్లు తిప్పి, కుడివైపుకి ముడి వేశాడు. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడి వచ్చేలా వేస్తాడా ముడి. అలా లాగడం కూడా ఆయనకి ఒక సరదా, కొత్తగా పెళ్ళయినవాడు తలుపు తీసినట్టు తీస్తాడు. ఐదో కూజా మక్వలది, మాంసం కాల్చేవాళ్ళ దాహానికి. దాని ముడి చూసి ఆయన పెదవి విరిచాడు.

"నీ పుర్రచేతి ముడి తగలెయ్య. కుడి ఎడమ, ఎడమ కుడి. ఇది విప్పేలోగా వచ్చినవాడికి దాహం తీరిపోయి ఇంటికి పోతాడు."

"మాంసం కాల్చేవాళ్ళకేగా మామయ్యా. వాళ్ళెక్కడికీ పోరు."

శనివారం తెల్లవారుతుండగా, ముసలాయన గడ్డం గీసుకుంటుండగా, మక్వల కొట్టులోకి వెళ్ళింది. కప్పు కన్నంలోంచి వెలుగు పిల్లబాన మీద పడుతోంది. ఆయన నాలుగు కూజాల్లోది ఖాళీ పాలక్యానుల్లోకి వంపేసి, కూజాలు కడిగి, తన వైన్ నింపింది. గుడ్డ కప్పి, నాలుక పళ్ళమధ్య పెట్టుకుని, ఒక్కొక్క ముడీ ఆయనలాగా కుడివైపుకి వేసింది. కుడిచేత్తో రాయడం కొత్తగా నేర్చుకుంటున్నట్టుంది. మూడు అయ్యాయి. నాలుగోది మొదలుపెట్టగానే బయట గోచా ట్రక్కు హారన్ కొట్టాడు, "వస్తున్నా" అంటూనే ఆమె చేతులు ముడి వేసేశాయి. ఎటువైపుకి వేశాయో ఆమె చూసుకోలేదు.

*

అలాంటి ఎండ ఏడాదికి నాలుగైదు రోజులే కాస్తుంది. కొండలమీద మంచు ఇంకా కరగలేదు. కింద పార్కులో మాత్రం జనం కోట్లు విప్పి చెట్టుకొమ్మలకి తగిలించారు. రెండు వరసల్లో బల్లలు వేసి ఉన్నాయి, బల్లబల్లకీ పేరు రాసిన అట్ట. రాజధాని నుంచి వచ్చినవాళ్ళు మెళ్ళో గుడ్డసంచీలో గాజుగ్లాసులు వేలాడేసుకుని, ఏ బల్ల దగ్గర ఆగాలో తెలీక అన్ని బల్లల దగ్గరా ఆగుతున్నారు. అటు చివర ముగ్గురు లావుపాటి మనుషులు మూడు గొంతులతో ఒకే పాట పాడుతున్నారు. ఇటు చివర అక్రోటు దండలు, జున్నుముద్దలు, తేనె. వాటి మధ్య గోచా మంట. తీగకొమ్మల నిప్పులమీద మాంసం చువ్వలు తిప్పుతూ, పొగకి కళ్ళు చికిలిస్తూ, ఎవరూ చూడనప్పుడు జేబులోంచి బీరు సీసా తీసి ఒక గుక్క వేస్తున్నాడు.

మక్వల మంట పక్కన రొట్టెలు కోస్తోంది. బల్లవైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

మొదటి కూజా ముడి బెజాన్ ఒక్క లాగుతో విప్పాడు. మధ్యాహ్నం భోజనం దాకా ఆయన బల్ల దగ్గర తాగడు, అది నలభై ఏళ్ళ నియమం. పోస్తాడు, ఎదుటివాడి మొహం చూస్తాడు. మొదటి గ్లాసు పుచ్చుకున్న కుర్ర జంట తాగి, ఒకరికేసి ఒకరు చూసుకుని, మళ్ళీ గ్లాసు చాచారు. రెండో ఆయన వెళ్ళి నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. పదకొండు అయ్యేసరికి బల్ల ముందు వరస ఏర్పడింది.

అప్పుడొచ్చాడు జెమాల్. ఎవరి గ్లాసులూ నమ్మడు, తన మట్టిగిన్నె తనే తెచ్చుకుంటాడు. వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పట్టుకుని, ఆకాశంకేసి చూశాడు. మింగాడు. మక్వల కత్తి రొట్టెలో సగంలో ఆగిపోయింది.

"ఒరే బెజాన్," అన్నాడు. "నలభై ఏళ్ళుగా నీ వైన్ తాగి నీతో పోట్లాడుతున్నా."

"అయితే?"

"ఇవాళ సాకు దొరకట్లేదురా." ఇంకో గుక్క తాగాడు. "ఏం చేశావ్ దీన్ని? నీ వైన్ ఎప్పుడూ గొంతు పట్టుకుని నేను బెజాన్ వైన్‌ని అని అరుస్తుంది. ఇది పక్కన కూర్చుని మాట్లాడుతోంది. ముసలితనంలో నీకు మర్యాద వచ్చినట్టుంది."

"నీకూ వస్తుందిలే, తొందరపడకు," అన్నాడు బెజాన్. కానీ మొహం వెలిగిపోయింది. జనవరి తర్వాత ఆ మొహంలో మక్వల అలాంటి వెలుగు చూడలేదు. రెండో కూజా తెరిచేటప్పుడు ముసలాయన కూనిరాగం తీశాడు. మూడోది తెరిచేటప్పుడు అటు చివర పాడుతున్నవాళ్ళకి ఇక్కడినుంచే నాలుగో గొంతు కలిపాడు. ఆ గొంతు వాళ్ళకి అక్కర్లేకపోయినా వాళ్ళు ఏమీ అనుకోలేదు.

పోనీలే, అనుకుంది మక్వల. ఆయన సంతోషంగా ఉన్నాడు, అదేగా కావలసింది. అనుకుంది కానీ, మనసు ఒప్పుకోలేదు. తాగిన ప్రతివాడి మొహం ఆమె చూస్తోంది. తన వైన్‌ని ఇంట్లోవాళ్ళు కానివాళ్ళు తాగడం అదే మొదలు. వెళ్ళి ఒక్కొక్కరినీ చొక్కా పట్టుకుని, ఏముందో చెప్పు, తేనె తెలిసిందా, బంతిపూలు తెలిశాయా అని అడగాలనుంది. గర్వంతో గుండె నిండిపోతోంది, ఆ గర్వాన్ని పెట్టుకోడానికే చోటు లేదు.

తెల్లటి పొట్టిజుట్టున్న ఒకావిడ గ్లాసు పట్టుకుని రొట్టె కోసం వచ్చింది. రాజధానిలో భోజనశాల ఉందట ఆవిడకి. "ఈ వైన్ చేసిందెవరమ్మా?" అని అడిగింది, చిన్న పుస్తకం తెరుస్తూ.

మక్వల రొట్టెముక్క అందించింది. పొగ కళ్ళలోకి కొడుతోంది. "ఆయనే," అంది, కత్తితో బల్లకేసి చూపిస్తూ. "టోపీ పెట్టుకున్నాయన."

గోచా మాంసం చువ్వ తిప్పడం మరిచిపోయి భార్యకేసి చూశాడు. చువ్వ మాడింది.

పన్నెండు దాటాక నాలుగో కూజా వంతు వచ్చింది. బెజాన్ దాన్ని బల్లమీదికి ఎత్తి, ఎదురుగా ఉన్నవాళ్ళతో ఏదో జోక్ చెబుతూ, చూడకుండానే చెయ్యి ముడి మీదికి పోనిచ్చాడు. కొస పట్టుకుని లాగాడు. ముడి ఊడలేదు. ఇంకోసారి లాగాడు. జోక్ సగంలో ఆగింది.

మక్వల కూడా అప్పుడే చూసింది.

ముసలాయన వేళ్ళు తాడుమీద మెల్లగా కదిలాయి. ఒక చుట్టు, రెండో చుట్టు, ఎడమవైపుకి తిరిగిన మెలిక. తర్వాత ఆయన వంగి బల్లకింద చూశాడు. అక్కడ మాంసం కాల్చేవాళ్ళ కూజా ఉంది, అదే ముడితో. నిటారుగా లేచాడు. కోడలివైపు మాత్రం చూడలేదు. రెండు చేతులతో, ఎప్పుడూ చేయని పని చేస్తున్నవాడిలా, ఆ ముడిని ఓపిగ్గా విప్పాడు. ఎదురుగా ఉన్నవాడికి గ్లాసు నింపాడు. నలభై ఏళ్ళ నియమం తప్పి తనూ ఒక గుక్క తాగి, దాన్ని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తర్వాత టోపీ తీసి పీటమీద పెట్టి, "బల్ల చూసుకోరా" అని గోచాకి చెప్పి, జనంలోకి వెళ్ళిపోయాడు.

"ఎక్కడికెళ్ళాడు?" అన్నాడు గోచా.

"తెలిసిపోయింది."

"ఏం తెలిసిపోయింది? ఎలా?"

మక్వల తన ఎడమచేతికేసి చూసుకుంది. దాన్ని తెగ్గోసి నిప్పుల్లో వెయ్యాలనిపించింది. పరువు కాపాడదామని చేసిన పని, పరువు తీసిన పనైంది. తన వైన్ తను గుర్తుపట్టలేనివాణ్ణని, పొద్దున్నుంచీ పరాయి పొగడ్తకి పాటలు పాడానని ఆయనకి తెలిసింది. అదీ నలుగురి మధ్య నిలబడి ఉండగా. ఇంటికి బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటాడు. ఇక ఈ జన్మలో తనని కొట్టు గుమ్మం తొక్కనివ్వడు. ఆమె రొట్టెలు కోస్తూనే ఉంది, ఎవరూ అడగకపోయినా. కోసిన ముక్కలు గుట్టయ్యాయి.

*

రెండింటికి వైన్ చేసేవాళ్ళందరికీ గడ్డిమీద పొడుగుబల్ల వేశారు. మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళు పళ్ళేలు మోస్తున్నారు. విందుకి పెద్ద జెమాల్. మాటలు చెప్పడంలో ఆయన్ని మించినవాడు ఈ జిల్లాలో లేడు, ఆపడం మాత్రం ఆయనకి చేతకాదు. బెజాన్ కుర్చీ ఖాళీగా ఉంది. దేవుడి పేర, నేల పేర, ద్రాక్ష పేర, పోయినవాళ్ళ పేర, పుట్టబోయేవాళ్ళ పేర గ్లాసులెత్తి తాగడం అయ్యాక బెజాన్ వచ్చి కూర్చున్నాడు. టోపీ లేదు, బట్టతల ఎండకి ఎర్రగా కమిలి ఉంది. మక్వల మాంసం పళ్ళెం ఆయన ముందు పెట్టింది. ఆయన పళ్ళెం కేసే చూస్తూ ఉప్పు అడిగాడు. ఆమె ఉప్పు తెచ్చి ఇచ్చింది.

జెమాల్ లేచాడు. గ్లాసుకి బదులు తాగే, వెండి అంచున్న ఎద్దుకొమ్ము నిండా వైన్ పోయించాడు. అందరూ ఆ వైన్ ఏదో గుర్తుపట్టారు, బెజాన్ కూజాలోదే.

"మనం ద్రాక్షకి తాగాం, నేలకి తాగాం," అన్నాడు. "చేతులకి తాగలేదు. ఇవాళ ఈ వైన్ చేసిన చేతులకి తాగుతున్నా. నేను ఈ మాట ఏడుస్తూ అంటున్నానని అందరూ గుర్తుంచుకోండి. అలవెర్దీ బెజాన్‌కి."

అలవెర్దీ అన్నాక తప్పించుకోడానికి లేదు. పేరు పిలిపించుకున్నవాడు లేచి, కొమ్ము అందుకుని, ఆ మాటకి ఇంకో మాట కలిపి తాగాలి. లేదా ఆ మాట ఎవరికి చెందుతుందో వాళ్ళకి అప్పగించాలి. బెజాన్ లేచాడు. కొమ్ము పట్టుకున్నాడు. కింద పెడితే ఒలికిపోయే కొమ్ము.

"నలభై ఏళ్ళుగా ఇక్కడికొస్తున్నా," అన్నాడు. "ఇవాళ పొద్దున్నుంచీ మీరు పొగుడుతుంటే నిజమే కాబోలనుకుని పాట కూడా పాడా. విన్నవాళ్ళు నన్ను క్షమించాలి."

నవ్వారు. ఆయన నవ్వులు ఆగేదాకా ఆగాడు.

"నాకు ముక్కు పోయింది. జనవరిలో. రొట్టె మాడినా తెలీదు, పేడా గులాబీ ఒకటే. ఇంట్లోవాళ్ళకి తెలీదని నేననుకున్నా, నేనలా అనుకుంటున్నానని వాళ్ళకి తెలుసు. అలా జరిగిపోయింది."

జెమాల్ నోట్లో ఉన్న మాంసం నమలడం ఆపేశాడు.

"ముక్కు పోయింది, వేళ్ళు పోలేదు. నాలుగో కూజా ముడి నాది కాదు. అది పుర్రచేతి ముడి. మా ఇంట్లో పుర్రచెయ్యి ఒక్కరిదే. నా వైన్‌కి ఏమైందో నాకింకా తెలీదు. ఎందుకు తీశారో మాత్రం ఊహించగలను. ఎవరో నా పరువుకోసం తన వైన్‌కి నా పేరు పెట్టారు. తను అడిగితే నేను బల్లకింద పెట్టమన్న వైన్ అది." గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసుకెళ్ళా. అట్టమీద ఇంకో పేరు కలపండి అన్నా. ఒక బల్లకి ఒక పేరే అన్నారు. ఈ మాట మొన్న నేనే ఒకరితో అన్నాను కాబట్టి కోప్పడ్డానికి కూడా వీల్లేకపోయింది. సరే, అయితే ఉన్న పేరు కొట్టెయ్యండి అన్నా. గంటసేపు పట్టింది, వాళ్ళకి స్టాంపు దొరకలేదు." కొమ్ము చాచాడు. "అలవెర్దీ మక్వలకి."

మక్వల చేతిలో జున్ను పళ్ళెం ఉంది. గోచా వెనకనుంచి వచ్చి దాన్ని లాక్కుని, "వెళ్ళు" అన్నాడు. ఆమె గడ్డిమీద నడిచి వెళ్ళి కొమ్ము అందుకుంది. బల్ల చివరినుంచి ఒక పెద్దాయన, "కుడిచేత్తో అమ్మా, కుడిచేత్తో" అని గొణిగాడు.

"ఉండనీవోయ్," అన్నాడు బెజాన్.

నలభై మొహాలు ఆమెకేసి తిరిగి ఉన్నాయి. ఆమె ఎప్పుడూ పదిమంది ముందు మాట్లాడలేదు. కొమ్ములోంచి జల్దారు వాసన ముక్కుకి తగిలింది, దాంతో కాస్త ధైర్యం వచ్చింది.

"చేతుల గురించి జెమాల్ బాబాయి చెప్పారు," అంది. "నాకు చేతులకన్నా ముందు భుజాలు పనికొచ్చాయి. సన్నగా ఉన్నాయని మామయ్య నన్ను బానలోకి దింపేవారు. లోపల చీకటి. పైకి చూస్తే గుండ్రటి వెలుగు, అందులో ఆయన తల. పైనుంచి, 'ఆ మూల రుద్దు, ఆ మూల సరిగ్గా రుద్దలేదు' అని అరిచేవారు." ఆగింది. "గుండ్రటి బానలో మూల ఎక్కడుంటుందో నాకు ఇప్పటికీ తెలీదు."

బల్లంతా ఒక్కసారి గొల్లుమంది. జెమాల్ చేత్తో బల్లని బాదాడు.

"ఆ మూల వెతుక్కుంటూనే అంతా నేర్చుకున్నా. పైనుంచి అరిచే మనిషి లేకపోతే నేను అసలు వెతికేదాన్ని కాదు. ఆ మూలకి," అని కొమ్ము ఎత్తింది. ఖాళీ అయ్యేదాకా దించకూడదు. దించలేదు. చివరి చుక్క పోయేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందులో ఎంత వైన్‌దో ఎంత కాదో ఆమెకే తెలీదు.

జనం ఆమెకి చోటిచ్చారు. బెజాన్ పక్క కుర్చీలో కూర్చుంది. అటు వాళ్ళ బల్ల దగ్గర ఆఫీసు అమ్మాయి పాత అట్ట తీసి మక్వల పేరు రాసిన కొత్తది తగిలిస్తోంది. పొట్టిజుట్టావిడ దాని ముందు నిలబడి పుస్తకంలో ఏదో కొట్టేసి మళ్ళీ రాస్తోంది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు బెజాన్, గొంతు తగ్గించి. "నాది ఏమైంది?"

"వెనిగర్, మామయ్యా. ఉత్తరంవైపు మట్టి బీటలిచ్చింది."

ముసలాయన కాసేపు బల్లమీది గుడ్డ ముడతని వేలితో సరిచేస్తూ ఉండిపోయాడు. ఆ బీట తన చేతిదేనని ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. మక్వల ఆయన మోచేతిమీద చెయ్యి వేసింది, ఆయన తీసెయ్యలేదు.

"కనీసం మంచి వెనిగరేనా?"

"ఈ జిల్లాలో అంత మంచి వెనిగర్ ఇంకెవరూ చెయ్యలేరు."

చెవి ఇటే వేసి ఉన్న జెమాల్ ముందు నవ్వాడు, తర్వాత బల్లంతా నవ్వింది, అందరికన్నా చివర బెజాన్ నవ్వాడు. నవ్వుతూనే గిన్నె తీసుకుని, మక్వల వైన్ తనే పోసుకున్నాడు. అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్ళు మూయబోయి, ఆగాడు. గిన్నెను కోడలికి అందించాడు.

"చెప్పు. ఏముందందులో?"

జెమాల్, గోచా, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ వింటున్నారు. మక్వల గిన్నెలోకి వంగి, ఈసారి తొందరపడకుండా చూసింది.

"జల్దారు."

"జల్దారు," అన్నాడు ముసలాయన.

"ఎండిన బంతిపూలు."

"ఎండిన బంతిపూలు." కళ్ళు మూసుకున్నాడు. "ఇంకా?"

"తేనె. బాగా ముదిరిన తేనె. ఇంకా, వాన పడకముందు మన కొట్టు గోడ దగ్గర వస్తుంది చూడండి, అది."

"తెలుసు," అన్నాడు. "గోడ దగ్గరిది తెలుసు." ఆ మాటలన్నీ పెదాలతో మళ్ళీ ఒకసారి వరసగా అనుకున్నాడు, బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పుకున్నట్టు. తర్వాత గిన్నె తీసుకుని తాగి, కింద పెట్టాడు.

"పరవాలేదు," అన్నాడు బెజాన్. "నేర్చుకుంటున్నా."